వసుంధర గారు చూపించిన మసీదు

కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లో మా వీధి చివర కాఫీ గింజలు వేయించే చిన్న దుకాణం తెరిచారు. మొన్న ఉదయం నడకకు వెళ్తుంటే ఆ మాడు వాసన తగిలి కాళ్లు ఆగిపోయాయి. ఇస్తాంబుల్ బజారులో ఇరుకు సందు, నా ముందు చకచకా నడిచే వసుంధర గారి నీలం నూలు చీర కళ్లముందుకు వచ్చాయి.

ఆవిడ నా మొదటి బాస్. ఎనభైల మొదట్లో న్యూజెర్సీలో పాత భవనాలకు టైల్స్ తయారుచేసే చిన్న కంపెనీలో ల్యాబంతా ఆవిడ చేతిమీద నడిచేది. గూడూరులో పింగాణీ బట్టీల మధ్య పెరిగి, ఇంజనీరింగ్ చదివి అమెరికా వచ్చారు. చీరలో మీటింగుకు వెళితే సెక్రటరీ అనుకుని కాఫీ అడిగినవాళ్లు ఉన్నారు. నవ్వుతూ కాఫీ అందించి, ఆ తర్వాత మీటింగు మొదలుపెట్టేవారు. అక్కడికి దగ్గర్లోనే పిస్కాటవేలో చదువు ముగించి చేరిన నాకేమో నలుగురి ముందు నోరు పెగిలేది కాదు.

అప్పట్లో ఒక పాత థియేటర్ వరండాను బాగుచేసే పని మాకు వచ్చింది. దాని గోడల మీది పూల టైల్స్, ఇస్తాంబుల్‌లో ఒట్టోమన్ సుల్తానుల కాలం నాటి ఒక మసీదు టైల్స్‌కు నకలు. ఎరుపు పూలున్నవన్నీ ఎప్పుడో రాలిపోయాయి. మేం నీలం సాధించాం, ఆకుపచ్చ సాధించాం. ఎరుపు మాత్రం బట్టీలోంచి ప్రతిసారీ మురికి గోధుమరంగులో వచ్చేది. థియేటర్ వాళ్లకు ఓపిక నశించింది. ఆ పని చేజారితే మా ల్యాబ్ మూతపడుతుందని అందరికీ తెలుసు. వసుంధర గారు యజమానిని ఎలా ఒప్పించారో కానీ, నా దగ్గరకొచ్చి, “ఫొటోలు చూసి ఎన్నాళ్లు గెస్ చేస్తాం? వెళ్లి చూసొద్దాం. టికెట్స్ బుక్ చెయ్యి, నీకు కూడా,” అన్నారు.

ఇస్తాంబుల్ బజారులో వేయించే కాఫీ గింజల వాసన, మసాలా దినుసుల అంగళ్లు, రాగి గిన్నెలవాళ్ల కేకలు, బస్తాలు మోసే కూలీల తోపులాట దాటి, రెండు దుకాణాల మధ్య ఇరుకు మెట్లెక్కాం. కింద అంగళ్లు, వాటి పైన మసీదు. చెప్పులు విడిచి, తలల మీద కొంగు, చున్నీ కప్పుకుని లోపలికి వెళ్లాం. సంత గోలంతా కిందే ఉండిపోయింది. గోడల నిండా పూలు.

“ఫొటోలు తీయనా అండీ?”

“తీద్దువులే. ముందు కళ్లారా చూడు,” అని ఆవిడ తివాచీ మీద కూర్చున్నారు.

కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. గోడకు తగలకుండా ముఖం దగ్గరగా పెట్టి పక్కనుంచి చూశాను. ఎర్రటి పూరేకులు అరచేతిలో ఎండిన గోరింటాకు చుక్కల్లా ఉబ్బెత్తుగా ఉన్నాయి.

“ఇటు రండి! ఎరుపు పైకి లేచి ఉంది. మనం రంగులా పల్చగా పూస్తున్నాం. ఇది ఎర్రమట్టి అండీ, చిక్కగా పెట్టాలి!”

ఆవిడ వంగి చాలాసేపు చూశారు. “ఇన్నేళ్లుగా ఫొటోల్లో చూస్తున్నాను, నాకు తట్టలేదు సుధా,” అన్నారు. ఆ గొంతులో నామోషీ లేదు, సంబరం ఉంది.

తిరిగొచ్చాక కూడా కొన్ని బట్టీల టైల్స్ పాడయ్యాయి. చివరికి ఒక ఉదయం బట్టీ తలుపు తీస్తే నిగనిగలాడే ఎరుపు! థియేటర్ పెద్దలకు చూపించిన రోజు వాళ్లు ఆవిడనే మెచ్చుకుని, ఎలా కనిపెట్టారని అడిగారు.

“నేను కాదు, సుధ కనిపెట్టింది. తనే ఎక్స్‌ప్లెయిన్ చేస్తుంది,” అని ఆవిడ కూర్చున్నారు. లేచి నిలబడి ఆవిడవైపు చూశాను. “మసీదులో నాతో చెప్పావే, అలాగే చెప్పు,” అన్నారు తెలుగులో, మెల్లగా. చెప్పాను. ఆగకుండా చెప్పాను. పని మాకే దక్కింది.

తర్వాత అదే ల్యాబ్‌కు నేను బాస్‌నయ్యాను. ఎవరు సాధించిన పని గురించి వాళ్లచేతే చెప్పించాను. వసుంధర గారు ఇప్పుడు లేరు. కిందటేడు నా మనవరాలిని ఆ థియేటర్‌కు తీసుకెళ్లి, “ఈ ఎరుపు మా మేడమూ నేనూ చేశాం,” అన్నాను. వరండాలో చాలామంది ఉన్నారు. అయినా గొంతు తగ్గించలేదు.