డైరీలో వరి నాట్లు

నా చిన్నప్పుడు మేము బళ్లారి జిల్లా కంప్లి దగ్గర ఒక క్యాంపులో ఉండేవాళ్లం. తుంగభద్ర కాలువ వచ్చాక కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న మా బోటివాళ్ల ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. బడి సెలవుల్లో మా పిన్ని క్యాంపు పిల్లలందరినీ వసారాలో కూర్చోబెట్టి చరిత్ర చెప్పేది. రాజులూ యుద్ధాలూ మా తలకెక్కలేదు. ఒకరోజు ఆమె ఒక డైరీ తెచ్చి చదవసాగింది. తుంగభద్ర మీద డ్యాం కట్టినప్పుడు మునిగిపోయిన ఊళ్లో మా ఈడు పిల్ల రాసుకున్నదట.

మిగతావాళ్లు నోరు తెరుచుకుని విన్నారు. నాకు మాత్రం మొదటిరోజే అనుమానం. ఆ చేతిరాత అచ్చం పిన్నిదే. అడిగితే, "చిరిగిపోతోందని నేనే ఎత్తి రాశాను. ముందు వినవే, తగువు తర్వాత పెట్టుకుందువుగాని" అంది. విన్నాను. ఊరు వదిలేరోజు ఆ పిల్ల గోడలు తడుముతూ ఏడ్చిన పేజీ దగ్గర నేనూ ఏడ్చాను.

మర్నాడు జడ వేసుకుంటుంటే లెక్క తట్టింది. మొదటి పేజీల్లో ఆ పిల్ల డ్యాం కాలువ కింద తమ పొలంలో వరి నాట్లు చూసొచ్చానని రాసింది. డ్యాం నిండితేనే కాలువకు నీళ్లు. డ్యాం నిండితే ఆ ఊరే ఉండదు. మరి నాట్లెలా వేశారు? లెక్క తప్పినందుకు కాదు నా బాధ. ఆ పిల్లే లేకపోతే నేను ఏడ్చింది ఎవరికోసం? పిన్ని మాట ఇక నమ్మడమెలా?

అందరి ముందే అడిగాను. పిన్ని తడబడలేదు. మరి వాళ్లేం పండించేవాళ్లని నన్నే తిరిగి అడిగింది. నాకు తెలియదు. పొలమంటే వరి తప్ప మా క్యాంపు పిల్లలెవరికీ మరొకటి తోచదు. తెలిసినవాళ్లు కాలువ అవతలే ఉన్నారు, వెళ్లి కనుక్కోమంది.

మునక ఊరి నుంచి వచ్చినవాళ్ల ఇళ్లు అటువైపు ఉండేవి. మేము ఆ గడపలు ఎన్నడూ తొక్కలేదు. మొదటి ఇంటి ముందు కూర్చున్న అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. నా అనుమానం నాకుంటే, ఆమె అనుమానం ఆమెది.

"క్యాంపోళ్ల పాపవా? దారి తప్పినావా ఏంది?"

వరి సంగతి అడిగాను.

"వరి యాడిదమ్మా! జొన్న, సజ్జ. బియ్యం పండగనాడే" అని నవ్వింది.

గోడలు పట్టుకుని ఏడ్చారా అన్నాను.

"ఏడ్చేకి పొద్దు యాడుండాది? తలుపులు, దూలాలు పీకి బండ్లకేసేకే సాల్లేదు. సుమ్నే ఊరికే ఇడిసిపెడితే నీళ్లపాలే కదా."

ఆమె వెనుకనున్న తలుపు ఆ ఊరిదేనట. ఈ గోడకు కురచ కావడంతో పక్కన రాళ్లు పేర్చి సరిపెట్టారు. నా ఈడు పిల్లలుండేవారా అని చివరికి అడిగాను.

"శానామంది ఉండ్రి. రాసేకి మాత్రం ఎవరికీ రాదు."

ఇంటికొచ్చి పిన్నిని నిలదీశాను. అవును, నేనే రాశానంది. పెన్సిలు నా చేతికిచ్చి, తప్పున్నచోట కొట్టేసి నన్నే రాయమంది. గోడల పేజీ కొట్టేసి తలుపు పేజీ రాశాను. ఈసారి ఏడుపు రాలేదు. కానీ ఆ తలుపుతోపాటు బండెక్కిన పిల్లలు నిజంగా ఉన్నారని నాకు తెలుసు. నాట్ల సంగతి పిన్ని కావాలనే పెట్టిందా, తనకూ తెలియకా? ఎన్నిసార్లు అడిగినా నవ్వేసేది. ఆ నవ్వును నేనింకా నమ్మను.

ఇప్పుడు బళ్లారిలో నా మనవరాలికి బడిలో ఇలాంటి డైరీలే రాయమంటున్నారు. ఫోను చూసి చకచకా రాసేస్తుంది. ఎవరినడిగి రాశావే అంటాను. విసుక్కుంటుంది. తనను వెంటబెట్టుకుని ఆ సంగతి తెలిసినవాళ్ల ఇంటికి బయలుదేరుతాను. చదివినదాని మీద అనుమానం వస్తే నేను పుస్తకం మూసెయ్యను, చెప్పులేసుకుంటాను.