ముట్టుకుంటే మోగే గంట

ఆ బోర్డు మా కాలేజీ ల్యాబులో పనికిరాని సామాన్ల బీరువాలో పడి ఉండేది. అరచేతి కన్నా కొంచెం పెద్దది, ఆకుపచ్చ రంగు. ఎప్పుడో వర్క్‌షాపుకు వచ్చినవాళ్ళు పిల్లలకు చూపించడానికని ఇచ్చి పోయారు. మధ్యలో నల్లటి చదరపు చిప్పు, దాని చుట్టూ నువ్వుగింజలంత కెపాసిటర్లు, ఒక మూల వెండి రంగు క్రిస్టల్, ఇంకో మూల చార్జర్ వైరు గుచ్చే నోరు, పై అంచున వరసగా చిన్న చిన్న దీపాలు. కింది సగంలో మాత్రం ఏమీ లేనట్టే ఉంటుంది. నాలుగు గుండ్రటి మచ్చలు, ఒక చక్రం బొమ్మ, అంతే. నొక్కడానికి మీట లేదు, తిప్పడానికి మర లేదు. ఆ మచ్చలే మీటలు. పైపూత కింద రాగిరేకు ఉంటుంది. వేలు దగ్గరికి రాగానే ఆ రేకు దగ్గర కరెంటు లెక్క రవ్వంత మారుతుంది, ఆ రవ్వంత మార్పును పసిగట్టి చిప్పు దీపం వెలిగిస్తుంది. ఏళ్ళ తరబడి ఈ పాఠం చెప్పీ చెప్పీ నాకు నోటికి వచ్చేసింది.

నేను పాలిటెక్నిక్‌లో ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. గొప్ప ఉద్యోగమేమీ కాదు. కానీ నా చేతిలో పడ్డ సామాను పనిచేయకుండా పోదన్న పొగరు మాత్రం గొప్పగానే ఉండేది.

మా అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. నన్ను పెంచింది అక్క. ఆర్మూర్ పసుపు మార్కెట్టులో కొమ్ములు ఒక కుప్పగా, ఉండలు ఒక కుప్పగా ఏరే పని చేసేది. ఆమె చేతిగీతల్లో పసుపు ఎంతగా ఇంకిపోయిందంటే, ఎన్ని సబ్బులు పెట్టినా వదిలేది కాదు. వేళ్ళ మీది గీతలైతే అరిగే పోయాయి. రేషన్ దుకాణంలో వేలిముద్ర మిషన్ ఆమె వేలిని ఏనాడూ పట్టలేదు. డీలరు గుడ్డతో తుడిచి పది వేళ్ళూ పెట్టించి, "నీకు వేల్లే లెవ్వుపో అక్కా" అని నవ్వేవాడు. బియ్యమెప్పుడూ బావ వేలి మీదే వచ్చేవి. అక్కకు అది చిన్నతనంగా ఉండేది. ఇంటికొచ్చి, "నేను మనిషిని గానా తమ్మి?" అని నన్నడిగేది.

ఆ చేతులకే జబ్బు వచ్చింది. మొదట కాలి చెప్పు జారేది. తరువాత చేతిలో గరిటె నిలవలేదు. నిజామాబాద్ దవాఖానలో చూసి హైదరాబాద్ పంపారు. నరాల జబ్బు, మందు లేదు, బలం మెల్లమెల్లగా పోతుందని చెప్పారు. స్పర్శ మాత్రం పోదట. ఈగ వాలితే తెలుస్తుంది, తోలలేదు.

బావ మార్కెట్టులో హమాలీ. ఆ పని మానేసి, పెర్కిట్‌లోని తమ ఇంటి ముందుగదిలో కిరాణా కొట్టు పెట్టుకున్నాడు, ఇంట్లోనే ఉండొచ్చని. కొద్ది నెలలకే అక్క గొంతు కూడా సన్నబడిపోయింది. నడింట్లో మంచం మీది నుంచి పిలిస్తే ముందుగదికి వినిపించేది కాదు. ఇది మామూలు ఇబ్బంది కాదు. గొంతులో తెమడ అడ్డం పడితే వెంటనే తీయాలి. తీసే మిషన్ మంచం పక్కనే ఉంటుంది, అర నిమిషం పని. కానీ ఎవరో ఒకరు రావాలి, అప్పుడే రావాలి. ఒక కాలింగ్ బెల్లు తెచ్చి స్విచ్చి ఆమె చేతి కింద పెట్టాను. బొటనవేలు పెట్టి నొక్కబోయింది. స్విచ్చి వంగలేదు, వేలే వెనక్కి వంగింది. నేను అటు తిరిగి వైరు సర్దుతున్నట్టు నటించాను.

మర్నాడు బీరువాలోంచి బోర్డు తీశాను. దాని దీపం వెలిగితే కొట్లో గంట మోగేట్టు వైరు కలిపాను. కరెంటు పోయినా ఆగకుండా పవర్ బ్యాంకు పెట్టాను. ఆదివారం పట్టుకెళ్ళి అక్క మంచం మీద, కుడిచేతి పక్కన పలకలా అమర్చాను.

"గిదేంది తమ్మి, మీటలే లెవ్వు?"

"మీటలుండయక్కా. ముట్టుకుంటె చాలు."

"రేషన్ మిషినే నా వేలు పట్టది. గిదేం పడ్తది?"

"ముందుగాల ముట్టరాదు."

వేలు మెల్లగా జరిపి మచ్చ మీద పెట్టింది. దీపం వెలిగింది, ముందుగదిలో గంట మోగింది. "వస్తున్న, వస్తున్న" అంటూ బావ పరుగున వచ్చాడు. అక్క వేలు తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసి మళ్ళీ పెట్టింది. బావ తలుపు దగ్గర నిలబడి, "కొట్టు బంజేసి గిట్లనే ఉరుకాల్నా ఏంది?" అన్నాడు. అక్క కళ్ళ నుంచి నీళ్ళు కారేదాకా నవ్వింది. "నన్ను ఎర్కవట్టింది తమ్మి గిది" అంది. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను.

చక్రం బొమ్మ ఎందుకని అడిగింది. వేలు దాని చుట్టూ తిప్పితే దీపాలు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తుతాయి. దాంతో ఫ్యాను వేగం మార్చొచ్చని చెప్పాను. "మరి ఫ్యానుకు పెట్టు, మీ బావకు జర తిరుగుడు తప్పుతది" అంది. పెడతానన్నాను. పెట్టలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అలాంటి చిప్పు ప్రోగ్రాములో మామూలుగా ఒక నియమం ఉంటుంది. ముట్టుకున్నది పది సెకన్లు దాటినా కదలకపోతే, అది వేలు కాదు, ఏ నీటిచుక్కో పడి ఉంటుందని చిప్పు అనుకుంటుంది. అక్కడ ఏమీ లేనట్టే లెక్కగట్టి దీపం ఆర్పేస్తుంది. చేతిని ఎత్తి మళ్ళీ ముడితే తప్ప వెలగదు. మంచి నియమమే, పొయ్యి మీద పాలు పొంగి బటన్ల మీద పడ్డప్పుడు పనికొస్తుంది. అక్కకు మాత్రం పనికిరాదు. ఎత్తే బలం అప్పటికి కాస్త ఉన్నా, ఆమె చెయ్యి పెడితే ఎవరైనా వచ్చేదాకా తీయదు. మేమే వెళ్ళి ఆ చేతిని ఎత్తి, పక్కన మడతపెట్టిన తువ్వాల మీద పెట్టాలి, అప్పుడు గంట ఆగుతుంది. అందుకని బోర్డు బిగించే ముందే ఆ నియమం తీసేశాను. అంటే నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా లేదు.

తరువాతి శుక్రవారం కాలేజీలో ఉండగా బావ ఫోన్ చేశాడు. గంట ఆగడం లేదట. అప్పటికి నాలుగుసార్లు లోపలికి పరుగెత్తాడట, అక్క చెయ్యి తువ్వాల మీదే ఉందట. సాయంత్రం వెళ్ళి చూస్తే నాలుగు మచ్చల మీదా తడి పసుపు పూసి, నడుమ కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. కొత్త మిషన్ ఇంట్లోకి వచ్చి ఐదు రోజులైనా బొట్టు పెట్టలేదని అక్క గుర్తు చేసిందట, బావ భక్తిగా మందంగా పూశాడట. ఆ తడినే చిప్పు వేలనుకుంది.

నాకు ఒళ్ళు మండింది. "కరెంటు సామానుకు పసుపు వూస్తరా ఎవలన్న?" అని అరిచాను.

బావ తల వంచుకున్నాడు. అక్క వంచుకోలేదు. "పసుపు ఏరి నిన్ను సద్విచ్చిన. పసుపు వద్దంటవా?" అంది, ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ.

అలాంటప్పుడు నేను పనిలో దూరిపోతాను. ల్యాప్‌టాప్ తెరిచి బోర్డుకు వైరు తగిలించి, తీసేసిన ఆ పది సెకన్ల నియమాన్ని తిరిగి పెట్టేశాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మచ్చ మీద నీళ్ళు చల్లి చూపించాను. గంట కాసేపు మోగి తనంతట తానే ఆగిపోయింది. "ఇగ ఎంత పసుపన్న వెట్టుకోండ్రి" అన్నాను, గెలిచినవాడిలా. బావ సంబరపడ్డాడు.

చెయ్యి కదలకపోయినా గంట అలాగే ఆగిపోతుందని వాళ్ళకు చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. అప్పటికి అక్క చెయ్యి ఎత్తగలిగేది. పైగా ఇల్లు చిన్నది, గంట మోగితే పది సెకన్లలోపే ఎవరో ఒకరం వెళ్ళిపోయేవాళ్ళం. మేము అంత చురుగ్గా ఉండబట్టే అది ఆగిపోవడం ఏనాడూ చూడలేదు. నెలలు గడిచాయి. అక్క చెయ్యి ఎత్తడం మానేసింది, వేళ్ళను పక్కకు జరపడం ఒక్కటే మిగిలింది. తువ్వాల మీది నుంచి మచ్చ మీదికి జరపగలదు, వెనక్కి తీసుకోలేదు. ఆ మార్పు నేను చూస్తూనే ఉన్నాను. బోర్డులో నేను పెట్టిన నియమం మాత్రం గుర్తు రాలేదు.

ఆ రోజు ఆదివారం, పొద్దున పదకొండు అయి ఉంటుంది. పసుపు కాలం. ఊరంతా ఉడికిన పసుపు వాసన, రోడ్డు మీద సంచుల ట్రాక్టర్లు. బావ కొట్లో ఉన్నాడు, బేరాలు జోరుగా ఉన్నాయి. నేను వాళ్ళ పెరట్లో నిలబడి కాలేజీ నుంచి వచ్చిన ఫోన్ మాట్లాడుతున్నాను. ఏదో పవర్ సప్లై పనిచేయడం లేదట, ఏ వైరు ఎక్కడ పెట్టాలో విసుగ్గా, వివరంగా చెబుతున్నాను. గంట మోగింది. ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి రెండడుగులు వేశాను. గంట ఆగింది. బావ వెళ్ళాడు కదా అనుకుని మళ్ళీ ఫోన్ చెవికి పెట్టుకున్నాను.

కొట్లో బావ కూడా తూకం వదిలి లేచాడట. గంట ఆగింది. తమ్ముడు వెళ్ళాడు కదా అనుకుని మళ్ళీ కూర్చున్నాడట.

ఫోన్ ముగించి, పంపు దగ్గర మొహం కడుక్కుని, నేను తీరిగ్గా లోపలికి వెళ్ళాను. అక్క కళ్ళు తలుపు వైపే ఉన్నాయి. చెయ్యి తువ్వాల మీద లేదు. నాలుగు వేళ్ళూ మచ్చ మీద ఉన్నాయి. దీపం వెలగడం లేదు.

ఒకటికి రెండుసార్లు పిలిచాను. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. మిషన్ గొట్టం తీసుకుని ఏదో చేశాను కూడా. ఏం చేసినా అది అయిపోయిన పని. అంతసేపూ నేను చూస్తున్నది ఆమె మొహం కాదు, ఆరిపోయిన దీపం. ఎందుకు ఆరిందో నాకు ఆ క్షణమే తెలిసింది. ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

ఆమె కళ్ళు మూసి, చేతిని ఎత్తి నా రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇంకా వెచ్చగానే ఉంది, గీతల్లో పసుపు అలాగే ఉంది. తరువాత తువ్వాల మీద పెట్టబోతే ఆ చెయ్యి నా పట్టులోంచి జారింది. వేళ్ళు మచ్చ మీద పడ్డాయి. దీపం వెలిగింది. ముందుగదిలో గంట మోగింది.

"వస్తున్న, వస్తున్న" అన్నాడు బావ.

వచ్చి గుమ్మం దగ్గర ఆగాడు. నన్ను చూశాడు, అక్కను చూశాడు. అర్థమైంది. గోడ పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. చాలాసేపైనట్టు అనిపించింది కానీ, గంట ఇంకా మోగుతూనే ఉంది కాబట్టి పది సెకన్లు కూడా కాలేదు.

"ఇందాక మోగితె నువ్వు వచ్చినవ్ గదా తమ్మి" అన్నాడు. "ఏమడిగింది?"

నిజం చెప్పాలంటే ఒక్క మాట చాలు. ఆ మాట చెబితే, తూకం దగ్గర మళ్ళీ కూర్చున్న ఆ ఒక్క క్షణాన్ని ఈ మనిషి బతికినన్నాళ్ళూ మోయాలి. తప్పు చేసింది నేను. కానీ అతణ్ణి కాపాడటానికే అబద్ధమాడానని చెప్పుకుంటే అదీ సగం అబద్ధమే. నాకు భయం వేసింది.

"నీల్లడిగింది బావా" అన్నాను. "రెండు చెంచలు తాగింది. కండ్లు మూస్కుంది."

గంట ఆగిపోయింది. ఆమె చెయ్యి మచ్చ మీదే ఉంది.

ఆ సాయంత్రం వచ్చిన ప్రతి మనిషికీ బావ అదే చెప్పాడు. "తమ్ముని చేతుల నీల్లు తాగి పోయింది. ఇంకేం గావాలె?" అన్నాడు. వాళ్ళు నా భుజం మీద చెయ్యి వేసి, పుణ్యం చేసుకున్నావన్నారు. ఆ చేతులు పడ్డ చోట భుజం ఇప్పటికీ బరువుగానే ఉంటుంది.

బోర్డు ల్యాబుకు తిరిగి ఇవ్వలేదు. మా ఇంట్లో ఉంది. మచ్చ మీద ఆరిన పసుపు ఇంకా కొంచెం అంటుకుని ఉంది, గీకలేదు. ఒకసారి వైరు తగిలించి వేలు పెట్టి లెక్కపెట్టాను. పది అనేసరికి దీపం ఆరింది, నా వేలు అక్కడే ఉంది. ఆ నియమాన్ని ఇప్పుడు తీసేయొచ్చు. ఎవరి కోసం తీయాలి?

బావకు చదువు రాదు, కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. అతను కొట్టు తెరిచే ముందు రోజూ అక్క ఫోటో ముందు ఒక గ్లాసు నీళ్ళు పెడతాడు. పూలు మరిచిపోయినా అది మరవడు. పోయేటప్పుడు ఆమె అడిగింది అదొక్కటే కదా అంటాడు. నేను వెళ్ళిన రోజు మాత్రం తను పెట్టడు, గ్లాసు నా చేతికిస్తాడు. "నీ చేతుల నీల్లె ఆమెకిష్టం తమ్మి" అంటాడు. నేను తీసుకుని నింపి పెడతాను.