తూర్పు నుంచి వచ్చిన ఉడుము

ఆరేళ్లుగా నన్నొక ఉడుము పట్టుకుని ఉంది. వదలడం దాని వంశంలో లేదు కాబట్టి నేనే విడిపించుకోవాలి. ఎవరికైనా చెబితే పట్టు సడలుతుందేమోనని ఆశ. ఇంట్లో చెప్పలేను, వీధిలో అసలే చెప్పలేను. మీరు మా జమ్మలమడుగు వాళ్లు కాకపోవచ్చు. ఒకవేళ అయినా, దీని కింద నా పేరు ఉండదు.

నేను బరువులు మోసే రకం మనిషిని కాను. చావింట్లో కూడా నవ్వొచ్చే మాట నా నోటినుంచే వస్తుందని మా జేజి, అంటే మా నాయనమ్మ, నన్ను కర్మాంతరాలకు తీసుకుపోవడం మానేసింది. అలాంటివాడి గొంతులో ఒక మాట ఇన్నాళ్లు అడ్డుపడిందంటే అది చిన్న మాటై ఉండదు. లేక చిన్నదేనా? తేల్చుకోలేకే రాస్తున్నాను.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం కొత్త. నేను ఎస్సెల్సీ ఒకసారి తప్పి, రెండోసారి తప్పడానికి చదువుతున్నాను. మా నాయనకు సైకిళ్లు బాడుగకిచ్చే అంగడి. పక్కిల్లు ఓబులేసు మామది. చుట్టరికం ఏమీ లేదు, పిలుపు వరసే. చీరలు నేసే మనిషి. ఆ ఇల్లు కొత్తగా కట్టుకున్నాడు. గని నుంచి బండలు ఎద్దులబండిలో తానే తోలుకొచ్చాడు, మట్టి తానే తొక్కాడు, గడపకు పసుపు కూడా భార్యను పూయనివ్వక తానే పూశాడు. చేరి ఒక్క ఉగాదైనా కాలేదు. సాయంత్రం మగ్గం దిగి వీధిలోకి వచ్చి తన ఇంటిని తానే నిలబడి చూసుకునేవాడు. నేను ఊరుకుంటానా.

"ఏం మామా, పెండ్లికూతుర్ని చూస్తాండావా?"

"చూడనీప్పా. మళ్లా మళ్లా కడతానా ఏంది."

మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. ఉడుము దొడ్లో తిరిగితే ఫరవాలేదు, తరిమేస్తారు. గడప దాటి ఇంట్లో దూరిందంటే మాత్రం ఆ ఇల్లు పాడుపెట్టాలి. అంటే తాళం వేసి, పొయ్యి వెలిగించకుండా, దీపం పెట్టకుండా, నెలల తరబడి వదిలేసి పోవాలి. తేలు వస్తే చెప్పుతో కొడతాం, పాము వస్తే దండం పెట్టి కట్టె తీసుకుంటాం, ఉడుము వస్తే ఇల్లే ఇచ్చేస్తాం. ఎందుకని అడిగితే జేజి జవాబు ఒక్కటే. "నువ్వు పుట్టకముందు పెట్టిన పద్ధతి, నిన్నడిగి పెడతారా?"

ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. ఇంట్లో అందరూ నిద్ర. నేను దొడ్లో నులకమంచం మీద పుస్తకం ముఖాన కప్పుకుని చదువుతున్నాను. కోళ్లు గోల పెట్టాయి. పుస్తకం తీసి చూస్తే కోళ్లగూటి దగ్గర ఉడుము. మూరెడు ఒళ్లు, ఇంకో మూరెడు తోక. గుడ్డు మింగి, చీలిన నాలుకతో మూతి తుడుచుకుని, మా వంటింటి వైపు బయలుదేరింది. దానికి తొందర లేదు. బాడుగ ఇల్లు చూడటానికి వచ్చినవాడిలా అటూ ఇటూ చూసుకుంటూ నడుస్తోంది.

అది మా గడప దాటితే మేం ఇల్లు వదలాలి. వదిలితే ఎక్కడికి? పులివెందులలో మా అమ్మ తమ్ముడి ఇంటికి. ఆయన అయ్యవారు. కోడి కూయకముందే లేపి, చన్నీళ్లు పోయించి, ఎక్కాలు అప్పజెప్పించుకునే అయ్యవారు. మోకాళ్ల నొప్పులతో ఉన్న మా జేజి ఇల్లు కదిలే మనిషి కాదు, ఆమె కోసమే ఇదంతా చేశానని తర్వాత చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. జేజి మోకాళ్లు నాకు సాయంత్రానికి గుర్తొచ్చాయి. ఆ క్షణంలో గుర్తొచ్చింది నా నిద్ర.

గోడకు ఆనించిన కొక్కెం గడ, దోటి, అందుకున్నాను. ఉడుము తోకతో ఒక్కటిచ్చింది. దోటి చేతిలో అదిరింది. ఆ దెబ్బ కాలికి తగిలితే ఎముక నిలవదంటారు. పట్టుకుంటే ఉరిమేదాకా వదలదంటారు. నా ధైర్యం సరిగ్గా దోటి పొడవు, అంతకు మించి ఒక్క అంగుళం లేదు. అంత దూరం నుంచే పొడిచాను. అది వెనక్కి తిరిగి, మా దొడ్డికీ మామ దొడ్డికీ మధ్య నిలువుగా పాతిన బండల గోడ ఎక్కి, పైన కూర్చుని రొప్పసాగింది. నేనూ మంచం మీదికెక్కి రొప్పాను. ఇద్దరం కాసేపు ఒకరినొకరం చూసుకున్నాం.

ఇంతవరకు నేను చేసింది ఎవరైనా చేసేదే. ఇక్కడి నుంచే నాది.

మా సందు తలుపు తెరిచే ఉంది. గోడ మీదినుంచి ఇటే దింపి, సందులోంచి వీధిలోకి తోలి ఉండవచ్చు. కాని మళ్లీ మా వంటింటి వైపు మళ్లితే? అవతల మామ వాళ్ల పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. అది నాకు కనపడలేదని ఎన్నోసార్లు అనుకున్నాను. అనుకోగా అనుకోగా నిజంగానే కనపడలేదేమో అనిపించే రోజులు కూడా వచ్చాయి. కనపడింది. లోపల పడుగు దారాలు మెరుస్తూండటం కూడా కనపడింది. దోటితో నెట్టాను.

ఉడుము అవతల పడి, ఒళ్లు దులుపుకుని, పిలిచిన చుట్టంలా తిన్నగా లోపలికి నడిచింది. మామ భార్య లక్షుమ్మత్త పెట్టిన కేకకు ముద్దనూరులో రైలు ఆగి ఉంటుంది.

వీధి వీధంతా వచ్చింది. ఉడుము పోయి పోయి మగ్గం గుంటలో చేరి, అడుగు కర్రను పట్టుకుంది. ఆరుగురు పట్టి లాగితే మగ్గం కదిలింది గాని అది కదల్లేదు. భజన గుంపు పెద్దాయన దాని చర్మం కంజీరకు బాగుంటుందని మెల్లగా అన్నాడు. "ఇంట్లోకి వచ్చింది చాలదా, మళ్లా వాయించి వీధంతా తిప్పుతావా?" అని లక్షుమ్మత్త అడిగేసరికి ఆయన వేరే కీర్తన అందుకున్నాడు. చివరికి ఎవరో దాని ముక్కు దగ్గర పొగాకు పొగ పెట్టారు. అది విసుక్కుని వదిలింది. గోనెసంచిలో వేసి పెన్న ఇసుకలో విడిచిపెట్టి వచ్చారు. అందరిలోకీ హాయిగా ఇంటికి చేరింది అదొక్కటే.

తర్వాత పంతులు వచ్చాడు. ఉడుము ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలియాలన్నాడు. తూర్పు నుంచైతే మూడు నెలలు. దక్షిణమైతే అది యముడి దిక్కు, ఆరు నెలలు. మా ఇల్లు మామ ఇంటికి దక్షిణాన ఉంది. ఎవరు చూశారని అడిగాడు. నేనింకా మంచం మీదే ఉన్నాను, గోడ మీదుగా తల కనపడుతూ, చేతిలో దోటితో. మామ నా వైపు తిరిగాడు. ఆయన ముఖం చూసి నాకు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నవ్వులాట మాట ఒక్కటీ తోచలేదు.

"నువ్వు చూసినావా అప్పా?"

"చూసినా మామా."

"యాడి నుంచి వచ్చింది?"

"తూర్పు నుంచి."

"బాగా చూసినావా? నా ఇల్లప్పా ఇది."

"నా కండ్లతో చూసినా. తూర్పు పక్క గడ్డివామి కాడి నుంచి వచ్చింది."

"ఆ దోటి ఏంది నాయనా?" అని పంతులు అడిగాడు.

"చింతకాయలు రాలగొడతాండా."

మా దొడ్లో చింతచెట్టు లేదు. ఏ చెట్టూ లేదు. అంతమందిలో ఒక్కరికీ అది తట్టలేదు. నమ్మడానికి సిద్ధంగా ఉన్నవాళ్లకు చెట్టుతో పనిలేదు.

ఆ అబద్ధంతో మామకు మూడు నెలలు మిగిల్చానని ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. పాపంలో సగం కొట్టేసినట్టేనా? కాని ఆ సగం నేను పెట్టిందే కదా. ఒకడి కాలు విరగ్గొట్టి, రెండోది విరగ్గొట్టలేదని మెచ్చుకోమంటే ఎలా?

మామ ఎక్కడికి పోతాడు? మా నాయన ఆలోచించలేదు. "పక్కన ఇల్లు పెట్టుకుని యాడికో పోతావేంది బావా, మా ఇంట్లో ఉండు" అన్నాడు. మరి మగ్గం? మా ముందరింట్లో బండలు లేపి గుంట తవ్వారు. ఆ గుంటలో మొదట పడింది నేను. రెండోసారి పడింది కూడా నేనే. మామ తెల్లవారక ముందే మగ్గంలో దిగేవాడు. టకటకమని ఆ చప్పుడు నా తలకాయలోనే. ఏ నిద్ర కోసం ఉడుమును నెట్టానో ఆ నిద్ర మూడు నెలలు నాకు లేదు. పులివెందుల అయ్యవారే నయం, ఆయనకు ఆదివారం సెలవు.

ఇక్కడే నాకు చిక్కు. ఆ మూడు నెలలు మా ఇంట్లో ఎప్పుడూ లేనంత సంతోషం. ఒకటే పొయ్యి. జేజి సంగటి కెలికితే లక్షుమ్మత్త చెనిక్కాయల ఊరిబిండి నూరేది. ఉప్పు దగ్గర ఇద్దరికీ రోజూ యుద్ధం.

"ఇది ఊరిబిండా, ఉప్పుగల్లా?" అనేది జేజి.

"నీ నాలుక మొద్దుబారింది పెద్దమ్మా, పోయి సాన పట్టించుకోని రా."

తిట్టుకుని తిట్టుకుని ఇద్దరూ ఒకే చాప మీద పడుకునేవాళ్లు. జేజి కూర్చున్నచోటి నుంచే దారం కండెలు చుట్టడం నేర్చుకుంది. మోకాళ్ల సంగతే మరిచిపోయింది. మా నాయన అంగడి తొందరగా మూసి మామతో పులిజూదం ఆడేవాడు, ఓడిపోయి కూడా నవ్వేవాడు. మా నాయన ఓడి నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. నేను చెడు చేశానా, మంచి చేశానా? తెలియక చేసిన మంచికి ఫలం ఉంటుందంటారు. తెలిసి చేసిన చెడుకు మంచి పుడితే దాని ఫలం ఎవరి ఖాతాలో వేస్తారు?

ఒక్కటి మాత్రం నవ్వుతో కప్పలేకపోయాను. సాయంత్రం మగ్గం దిగి మామ అలవాటుగా వీధిలోకి పోయేవాడు. తన ఇంటిముందు నిలబడేవాడు. గడప తొక్కకూడదు. చెయ్యి చాచి తాళాన్ని ఒకసారి పట్టుకుని, వదిలి, వచ్చేవాడు. రోజూ. నేను అరుగు మీద కూర్చుని చూసేవాణ్ని. మునుపైతే పెండ్లికూతురని ఎగతాళి చేసేవాణ్ని కదా. ఇప్పుడు నోరు లేవలేదు. ఊళ్లో ఎవరెంత గొప్పగా ఏడ్చినా ఒక్క మాట సూదితో గాలి తీసేవాణ్ని, ఈ ఒక్క గాలిబుడ్డ మాత్రం నేను ఊదింది. దీనికి మాత్రం సూది దొరకలేదు.

మూడు నెలలు తీరాయి. మళ్లీ పాలు పొంగించి ఇంట్లో చేరినరోజు మామ అందరి ముందూ నా భుజాన కొత్త తువ్వాలు కప్పాడు. "ఈ పిల్లోడు దిక్కు చూసి చెప్పబట్టి నాకు మూడు నెలలతో పోయింది" అన్నాడు. ఓళిగలు నాకు రెండు ఎక్కువ వేశారు. తిన్నాను. అదీ చెప్పాలి, తిన్నాను.

ఆ తర్వాత రాజధాని కూడా కర్నూలు ఖాళీ చేసి హైదరాబాదుకు పోయింది. అక్కడ ఏ ఉడుము దూరిందో నాకు తెలియదు. దానికి నా పూచీ లేదు.

ఇదంతా ఇలాగే మోసుకుని పోయేవాణ్నేమో. కాని పోయిన వారం ముద్దనూరు నుంచి ఒక రైతు మామను వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ల ఇంట్లో ఉడుము దూరిందట. పిల్లల తల్లి పురిటికి దగ్గరగా ఉందట, ఇల్లు వదిలితే పశువుల కొట్టమే దిక్కట. ఈ ఆరేళ్లలో మామ ఉడుము విషయంలో పెద్దమనిషయ్యాడు. "మూడు నెలలు పాడుపెట్టినా, చూడు, ఎంత చల్లగా ఉండామో. వదిలేయప్పా ఇల్లు. కావాలంటే ఈ పిల్లోణ్ని అడుగు, కండ్లారా చూసినోడు" అని నన్ను చూపించాడు.

ఇంతకాలం నా అబద్ధం మా వీధిలోనే ఉంది. ఇప్పుడది బస్సెక్కి పోయి ఒక నిండు చూలాలిని కొట్టంలో పడుకోబెట్టబోతోంది.

బస్సు దాకా తోడు వస్తానన్నాను. బస్టాండులో ఆయన బీడీ వెలిగించుకుంటూ ఉంటే చెప్పేశాను. దోటి, గోడ, తెరిచిన తలుపు, తూర్పు, లేని చింతచెట్టు, అన్నీ. ఇల్లు వదలొద్దనీ, మామ చల్లగా ఉన్నది పాడుపెట్టినందుకు కాదనీ, అసలు ఆ ఇంటికి పట్టింది ఉడుము కాదు నేననీ చెప్పాను.

ఆయన తిట్టలేదు. మెచ్చుకోలేదు. బీడీ ఆరిపోయేదాకా నన్ను చూశాడు.

"అట్లనా," అన్నాడు. "మా పక్కింట్లో కూడా నీ వయసోడు ఒకడుండాడు."

బస్సెక్కి కూర్చున్నాడు. కిటికీలోంచి, "వాణ్ని పట్టుకుంటా ముందు. ఇంటి సంగతి తర్వాత" అన్నాడు.

బస్సు పోయింది. నేను అక్కడే నిలబడి నవ్వాను. పక్కన నీళ్లు తాగుతున్నవాడు కూడా ఎందుకో తెలియకుండా నవ్వాడు. ముద్దనూరులో ఆ పిల్లోడు తప్పు చేశాడో లేదో దేవుడికెరుక, తన్నులు మాత్రం నా వల్లే తింటాడు. అది ఇంకో పాపం, దాన్ని మళ్లీ మోయాలి. అయినా ఆ రోజు ఇంటికి నడుస్తుంటే ఒంట్లో ఎంత తేలిక అనుకున్నారు.

మామకు ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో మాట ఇవ్వను, నా మాటల సంగతి మీకు తెలిసిందే. ఆయన క్షమిస్తాడని రాయడం లేదు, మీరు క్షమించాలనీ లేదు. అది దక్షిణం నుంచి వచ్చింది. నేనే తోలాను.