ఊపిరి వదులు బిడ్డా

మా మేనత్త పోయింది. మొన్న మంగళవారం పొద్దున, దవాఖానకు తీసుకెళ్తుంటే దారిలోనే. సంఘం వాట్సాప్ గ్రూపులో "ప్రభువునందు నిద్రించారు" అని పెట్టారు. దాని కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు. అత్తమ్మ చూసి ఉంటే "నిద్రేంది? సచ్చిపోయింది అని రాయుర్రి" అని కసిరేది. అందుకే నేను పోయిందనే రాస్తున్నాను.

ఆమె మీకు తెలియదు. మట్టెవాడలో ఒక గిన్నెల దుకాణం పైన రెండు గదుల్లో ఉండేది, జాకెట్లు కుట్టేది. మామయ్య ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. మా డాడీకి సొంత అక్క. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మమ్మీ, డాడీ ఒడిశా కొండల్లోకి సువార్త సేవకు వెళ్తూ, అక్కడ బడి లేదని నన్ను ఆమె దగ్గర వదిలి వెళ్ళారు.

బజారులోని షావుకారమ్మలంతా ఆమె దగ్గరే కుట్టించుకునేవాళ్ళు. టేపు పట్టగానే పొట్ట లోపలికి లాగి, ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు. అత్తమ్మ టేపు వదిలేసేది. "ఊపిరి వదులమ్మా. గిట్ల కొలిస్తే గిట్లనే కుడ్త. రేపు పెండ్లిల అన్నం తిన్నంక హుక్కులు తెగుతయ్, నన్ను తిడ్తవ్." పాస్టరమ్మ వచ్చినా అదే మాట. మొహమాటం అన్నది ఆమె ఒంట్లో లేదు. ఆమె నోటికి భయపడి కొందరు రావడం మానేశారు కూడా.

ప్రార్థన కూడా అలాగే చేసేది, మిషను తొక్కుతూ. "యేసయ్యా, ఇయ్యాల నీతోని మాట్లాడబుద్ధి అయితలేదు. అయినా కూసున్న" అని మొదలుపెట్టిన రోజులున్నాయి. నాకు భయమేసేది, దేవుడికి కోపం వస్తుందేమోనని. అడిగితే "ఆయనకు తెల్వదా? ఆయన ముంగట యాక్టింగేంది?" అనేది.

నేను మాత్రం యాక్టింగే చేసేదాన్ని. చర్చిలో అందరూ నా తల నిమిరి, "మిషనరీ బిడ్డవు, ధైర్యంగా ఉండాలె. నువ్వు ఏడిస్తే డాడీ సేవకు అడ్డమైతది" అనేవాళ్ళు. నేను ఒక్క కన్నీటి చుక్క రాల్చినా, ఆ కొండల మీద ఎవరో రక్షణ పొందకుండా పోతారని నిజంగా నమ్మాను. వాళ్ళుండే గూడెంలో సిగ్నల్ లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక కొండెక్కి ఫోన్ చేసేవాళ్ళు. "ఎట్లున్నవ్ బిడ్డా?" అని డాడీ అడగ్గానే "బాగున్న డాడీ, మీ కోసం ప్రార్థన చేస్తున్న" అని గబగబా అప్పజెప్పి ఫోన్ అత్తమ్మకు ఇచ్చేసేదాన్ని. తర్వాత కటింగ్ బల్ల కింద గుడ్డముక్కల మూటలో మొహం పెట్టి ఏడ్చేదాన్ని.

ఒక ఆదివారం ఆ మూట తడిగా ఉండటం అత్తమ్మ చూసినట్టుంది. మళ్ళీ వారం ఫోన్ వచ్చింది. నేను నా పాఠం మొదలుపెట్టగానే మిషను ఆగింది.

"ఊపిరి బిగవట్టినవ్" అంది. "వదులు బిడ్డా."

వదిలాను. "డాడీ, నాకు బాగలేదు. మీరు రండి" అన్నాను. డాడీ "ప్రభువు జూసుకుంటడు బిడ్డా..." అని మొదలుపెట్టాడు. అత్తమ్మ ఫోన్ లాక్కుంది.

"తమ్మీ, వాక్యం తర్వాత జెప్పు. బిడ్డ బాగలేదంటాంది. ముందుగాల అది ఇను."

అప్పుడు వినిపించింది, మమ్మీ ఏడుపు. మమ్మీ కూడా ఏడుస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

వాళ్ళు సేవ మానేయలేదు. వచ్చి పది రోజులుండి మళ్ళీ వెళ్ళారు. మానెయ్యమని అత్తమ్మా అనలేదు. కానీ అప్పట్నుంచి ఆదివారం ఫోన్‌లో మొదట ఆ వారం ఎవరికి ఏది బాగలేదో చెప్పుకునేవాళ్ళం, ఆ తర్వాతే ప్రార్థన. నేనూ మా అమ్మానాన్నా ఒకరికొకరం మిగిలింది ఆ ఫోన్ల వల్లే.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. ఆదివారం అత్తమ్మకు నేనే ఫోన్ చేసేదాన్ని. పోయిన ఆదివారం కూడా చేశాను. "ఎట్లున్నవ్ అత్తమ్మా?" అంటే, ఒక్క క్షణం ఆగి "మంచిగనే ఉన్న బిడ్డా" అంది. ఊపిరి బిగబట్టి చెప్పిన మాట అది. నాకు తెలిసింది. కానీ బస్సు వచ్చేసింది. "సాయంత్రం చేస్తా" అని పెట్టేశాను. చేయలేదు. ఇది మీకు చెప్పకపోతే ఆమె దగ్గర పెరిగినదాన్నే కాదు.

మమ్మీ, డాడీ రావడానికి రెండు రోజులు పట్టింది. సమాధుల తోటలో డాడీని మాట్లాడమన్నారు. ఎంతోమంది చావుల దగ్గర ధైర్యం చెప్పిన మనిషి. బైబిలు తెరిచి, "మా అక్క మహిమలోకి వెళ్ళింది. మాకు దుఃఖం లేదు..." అని ఆగిపోయాడు. ఛాతీ బిగుసుకుని ఉంది. నేను పక్కకు వెళ్ళి, చెయ్యి పట్టుకుని, "ఊపిరి వదులు డాడీ" అన్నాను. అందరి ముందు "అక్కా" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

సాయంత్రం ఆ రెండు గదుల్లోకి వెళ్ళాను. టేపు ఎప్పటిలాగే మేకుకు వేలాడుతోంది. తీసి, ఎందుకో నా ఛాతీ చుట్టూ చుట్టుకుని, మిషను వైపు తిరిగి నిలబడ్డాను. కింద దుకాణంలో గిన్నెలు సర్దుతున్న చప్పుడు. చాలాసేపు అలాగే నిలబడ్డాను, ఊపిరి బిగబట్టుకుని, ఆమె ఎప్పుడు అంటుందా అని.