అదే స్వరం, వేరే కార్డ్

తొంభైల చివర్లో నేను గుడివాడలో ఓ ఆర్కెస్ట్రాలో పాడేదాన్ని. రిహార్సల్ ఉన్నప్పుడు బందరు నుంచి బస్సులో వెళ్లొచ్చేదాన్ని. చిన్నప్పటి నుంచి నేర్చుకున్నది కర్ణాటక సంగీతం. పాటకు శ్రుతి, రాగం ఉంటే చాలనుకునేదాన్ని. అక్కడ గిటార్ వాయించే ఆయన మాత్రం నా గొంతు వెనక మాటిమాటికీ కార్డ్ మార్చేవారు. కార్డ్ అంటే ఒకేసారి మోగే మూడు స్వరాలు.

"పాట శంకరాభరణమే కదండీ, మధ్యలో ఆ దిగులెక్కడిదండీ?" అని ఓసారి అడిగాను.

"దాన్నే మేం మేజర్ స్కేల్ అంటామండీ. మధ్యలో దిగులుగా మోగే మైనర్ కార్డ్ పడుతుంది. ఎందుకో చెప్పలేను, చెయ్యి అలవాటైపోయింది."

బస్సులో అదే ఆలోచన. స్కేల్ దాటి ఒక్క స్వరం కూడా రాకుండా దిగులెలా వచ్చింది?

ఇంటికెళ్లి వదినను హార్మోనియం ముందు కూర్చోబెట్టాను. వదినది హంసలదీవి దగ్గర, భజనలకు వాయించేది. ఒకటి వదిలి ఒకటి చొప్పున స, గ, ప కలిపి నొక్కమన్నాను. గదికి వెలుగొచ్చింది. అలాగే రి, మ, ద నొక్కింది. మబ్బు కమ్మింది.

"కొత్త మెట్టేం ముట్టుకోలేదే అమ్మాయ్!" అంది వదిన.

ఇద్దరం వంగి చూశాం. నల్లవీ తెల్లవీ కలిపి స, గ మధ్య మూడు మెట్లున్నాయి. రి, మ మధ్య రెండే. అంతే తేడా. స, మ, ప నుంచి మొదలుపెడితే వెలుగొచ్చే మేజర్. రి, గ, ద నుంచి మైనర్. నిషాదం మీది కార్డ్ ఒక్కటీ ఎటూ చెందక, ఎక్కడికో వెళ్లాలన్నట్టు గింజుకుంది.

"నువ్వు స పట్టుకో, కింద నేను మారుస్తా," అంది వదిన. పట్టుకున్నాను. స, గ, ప మోగినప్పుడు ఇంట్లో ఉన్నట్టుంది. ద, స, గ మోగగానే నా అదే స దిగులుగా వినిపించింది.

"గొంతు దించావా?"

"లేదొదినా, కదల్లేదు."

తర్వాతి రిహార్సల్‌లో, పాట చివర స మీద ఆగినప్పుడు ఆ ద, స, గ, అంటే ధైవతం కార్డ్ వేయమని గిటార్ ఆయన్ని అడిగాను. ఆయనకు మన స్వరాల పేర్లు తెలియవు. స్కేల్‌లో ఆరోదని చెప్పాను. వేసి, తలెత్తి చూశారు.

"ఏవండీ, పాట అయిపోయినట్టు లేదే!"

"అందుకేనండీ అడిగింది."

ఆ వారం ఓ పెళ్లిలో అలాగే ముగించాం. చప్పట్లు కొట్టడానికి చేతులెత్తిన జనం, ఇంకా ఏదో వస్తుందేమోనని కాసేపు అలాగే ఆగిపోయారు.