ఖర్జూరం తొక్క

మా అమ్మ ఖర్జూరానికి తొక్క తీసేది. నమ్మరని తెలుసు. పెళ్లయి అత్తారింట్లో నవ్వులపాలయ్యేదాకా, లోకమంతా అలాగే తింటుందనుకున్నాను.

కారణం దుమ్ము. నాన్న పోర్టులో క్రేను నడిపేవాడు. మా క్వార్టర్స్ హార్బరుకి దగ్గర. గాలి అటు నుంచి తిరిగితే చాలు, ఆరేసిన చీరల మీద, కిటికీ ఊచల మీద, బిందె మూత మీద ఓడలకెత్తే ఎర్రటి ఇనుపరాతి పొడి పేరుకునేది. రోజుకి మూడుసార్లు ఇల్లు తుడిచే అమ్మకి బజారు నుంచి వచ్చే ప్రతి వస్తువూ అనుమానమే. అరటిపండుకి ఎలాగూ తొక్క తీస్తారు కాబట్టి గొడవలేదు. ఖర్జూరం సంగతి వేరు, అది జిగురు. జిగురుకి దుమ్ము అంటుకోదా అని ఆవిడ వాదన.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో తొలికాన్పుకి పుట్టింటికి వచ్చాను. ఏడో నెల. సీతమ్మధార క్లినిక్కులో డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి పెదవి విరిచింది. హిమోగ్లోబిన్ ఎనిమిది దగ్గరే ఆగిపోయింది.

"మాత్రలు మానొద్దు. నెల తర్వాత మళ్లీ చూస్తాను. పెరక్కపోతే రక్తం ఎక్కించాలి" అంది.

ఎలమంచిలి దగ్గర మా సొంతూళ్లో అమ్మ చెల్లెలు కాన్పులోనే పోయింది, ఒంట్లో రక్తం లేక. ఆ సంగతి ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్లం కాదు. ఆ రోజు ఇంటికొస్తూ మాత్రం ఇద్దరం అదే తలుచుకుంటున్నామని నాకు తెలుసు.

మర్నాడే నాన్న పూర్ణామార్కెట్ నుంచి మూడు రకాల ఖర్జూరాలు తెచ్చాడు. నల్లగా మెత్తగా ఉండేవి, తేనెరంగువి, రోట్లో దంచితే గానీ విరగని ఎండువి. అమ్మ వాటిని వేడినీళ్లలో నానబెట్టి, గోళ్లతో పొర ఊడదీసి, గింజ తీసి, గిన్నెలో పెట్టి నా ముందు కూర్చునేది. ఆ జారుడు ముద్దలు చూస్తేనే నాకు వికారం.

"తొక్కతో ఇవ్వమ్మా, కడిగావుగా" అంటే వినదు.

"కడుపుతో ఉండి దుమ్ము తింతావేటి? మింగీ తల్లీ, రగతం పడతాది."

తిట్టుకుంటూ మింగేదాన్ని.

నెల తిరిగింది. క్లినిక్కు బెంచీ మీద అమ్మ నా చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ కాగితం చూసి తలెత్తి, "పది దాటింది. ఇక రక్తం ఎక్కించే పని లేదు" అంది.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత ధైర్యం వచ్చేసి, "అంతా కర్జూరాల మహిమండి. తొక్క తీసి మరీ పెట్టినాను" అంది.

డాక్టరమ్మ పెన్ను ఆపింది. "తొక్కెందుకమ్మా తీయడం? పెరిగింది మాత్రల వల్ల, ఖర్జూరం దానికి తోడు, అంతే. కానీ తొక్కలో ఆ రంగు, ఆ కాస్త వగరు ఉన్నాయి చూడండి, ఒంటిని కాపాడే యాంటీఆక్సిడెంట్లు అందులోనే ఎక్కువ. రకాన్ని బట్టి హెచ్చుతగ్గులుంటాయి. శుభ్రంగా కడిగితే చాలు."

నాకు ఒళ్లు మండింది. "నే చెప్తే విన్నావా? నెల్రోజులు మంచిదంతా చెత్తబుట్టలో పోశావు!"

"పారెత్తానేటి?" అంది అమ్మ, నొచ్చుకుని.

"మరేం చేశావు?"

"నానే తినీసినాను. ఏనాడైనా తొక్కలే నా వంతు, పండు మీకు. నాకేటి, దుమ్మైతే మాత్రం ఏటవుద్ది?" అని, అంతలోనే ఏదో తట్టినట్టు డాక్టరమ్మ వైపు తిరిగింది. ముఖం పాలిపోయింది. "అయితే నా బిడ్డకి దక్కాల్సింది నాను తినీసినానాండి?"

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "పిల్లకి ఏ లోటూ రాలేదు. మీకూ ఒళ్లు బాగుండాలిగా!"

నేనూ నవ్వాను. నవ్వుతుంటే కళ్లనీళ్లు ఆగలేదు. అరిచినందుకు సిగ్గేసింది, ఆ మాట అమ్మతో చెప్పేశాను కూడా. ఆవిడ పట్టించుకోలేదు. బస్సులో కనబడ్డవాళ్లందరికీ పది దాటిందని చెప్పుకుంటూ కూర్చుంది.

ఇంటికెళ్లగానే నల్లవి రెండు కడిగాను. ఒకటి తొక్కతోనే నా నోట్లో వేసుకుని, గింజ తీసి రెండోది ఆవిడకి తినిపించాను. వద్దు వద్దంటూనే నమిలింది. నమలడం ఆపి నా వైపు చూసింది.

"ఓలమ్మో," అంది, "లోపల ఇంత తీపుంటాదేటి!"