డబ్బింగ్ థియేటర్‌లో చిట్టెమ్మ వాంగ్మూలం

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళు మంట. మా ఇంట్లో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పటికీ అంతే. అందుకని ఇది చదివి నన్ను దెయ్యాల్ని నమ్మేవాళ్ళ జాబితాలో కలపొద్దు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. రాస్తున్నది భయంతో కాదు, కోపంతో.

తొంభైల మొదట్లో మాట. హిస్టరీలో ఎం.ఫిల్. చేసి, ఉద్యోగం దొరక్క, వెంగళరావు నగర్‌లో అన్నావదినల దగ్గర ఉండేదాన్ని. ఫిల్మ్ నగర్‌లో ఒక దర్శకుడు తెల్లదొరల కాలం మీద సినిమా తీస్తున్నాడని, ఆ కాలం సంగతులు వెతికిపెట్టే మనిషి కావాలని తెలిసింది. వెళ్ళి కలిశాను. పెద్ద పేరున్న మనిషి. మర్యాదగానే మాట్లాడాడు.

"చూడమ్మా, మనది ఆషామాషీ సినిమా కాదు. ప్రతి సీనుకీ ఆధారం ఉండాలి. ఎవరో రాసిన పుస్తకాలు నాకొద్దు. ఆనాటి కాగితాలే కావాలి," అన్నాడు.

ఆ మాటకి నేను పొంగిపోయాను. సినిమా వాళ్ళలో ఇలాంటి మనిషి ఉన్నాడా అనుకున్నాను.

కథ గోదావరి ఏజెన్సీ కొండల్లో దొరల మీద జరిగిన ఒక చిన్న తిరుగుబాటు, అక్కడివాళ్ళు పితూరీ అంటారు, దాని గురించి. చరిత్ర పుస్తకాల్లో దానికి రెండు వాక్యాలు కూడా దక్కలేదు. కాబట్టి నేను పాత రికార్డుల ఆఫీసుల చుట్టూ తిరిగాను. ముందు హైదరాబాదులో, తర్వాత మద్రాసులో. చీటీ రాసిస్తే గుడ్డలో కట్టిన కట్టలు తెచ్చి బల్ల మీద పడేసేవాళ్ళు. పెన్ను వాడకూడదు, పెన్సిలే. ముట్టుకుంటే అంచులు పొడిపొడిగా రాలేవి. సాయంత్రానికి ముక్కులో, గొంతులో దుమ్ము. ఆ దస్తూరీ అలవాటు పడటానికే చాలా రోజులు పట్టింది.

చివరికి రెండు కాగితాలు దొరికాయి. ఒకటి అక్కడి తెల్లదొర పైఅధికారులకి రాసిన నివేదిక. పితూరీ నాయకులు దాక్కున్న చోటు చిట్టెమ్మ అనే ఊరి ఆడమనిషి చెప్పిందని, అందువల్లే పట్టుకోగలిగామని అందులో ఉంది. రెండోది విచారణలో ఆ చిట్టెమ్మే ఇచ్చిన వాంగ్మూలం. తనని కొట్టారని, తిండి లేకుండా కట్టేశారని, అయినా తను ఎవరి పేరూ చెప్పలేదని అందులో ఉంది. ఆమె తెలుగులో చెప్పింది, గుమస్తా ఇంగ్లీషులోకి మార్చి రాశాడు. ఒక వాక్యం నాకు బాగా గుర్తుండిపోయింది. ఆ సంగతి తన నోటి దారిన బయటికి పోలేదు అన్నట్టు, ఇంగ్లీషులో ఎవరూ అనని పద్ధతిలో ఉంది. ఆమె నిజంగా ఏ మాట అని ఉంటుందా అని అప్పుడు అనుకున్నాను. ఈ సందేహం ఎవరితోనూ అనలేదు.

రెండు కాగితాల సారాంశం రాసి దర్శకుడికి ఇచ్చాను. నోటి మాటగా కూడా చెప్పాను. దొర తన తప్పులు కప్పిపుచ్చుకోవడానికి అలా రాసి ఉండొచ్చు సార్, ఆ మనిషి మాట కూడా మన చేతిలో ఉంది, అని.

స్క్రిప్టు వచ్చాక చూస్తే చిట్టెమ్మ ద్రోహి. పేరు కూడా మార్చలేదు. దొర దగ్గర చెవి కమ్మలు తీసుకుని, కొండ మీద ఎక్కడున్నారో చెప్పేసే మనిషి.

నేను వెళ్ళి అడిగాను. అరిచాననే చెప్పాలి.

"దొర రిపోర్టు తెచ్చింది నువ్వే కదమ్మా. అంతకన్నా ప్రూఫ్ ఏం కావాలి?" అన్నాడు.

"మరి ఆమె మాటో సార్?"

"పట్టుబడిన మనిషి చెప్పానని ఒప్పుకుంటుందా? పైగా ఇంటర్వెల్‌కి ఒక ద్రోహం పడాలి. లేకపోతే జనం కుర్చీల్లో కూర్చోరు."

సినిమా మొత్తం తెల్లవాడు అబద్ధాలకోరు అని చూపిస్తాడు. ఒక్క ఈ పేద మనిషి విషయంలో మాత్రం తెల్లవాడి మాటే వేదం. అంతకుముందు నాకు ఎవరి మీదా అంత కోపం రాలేదు. మానేసి పోదామనుకున్నాను. పోతే ఆ ఒక్క ముక్క మార్చమని అడిగే దిక్కు కూడా ఉండదని ఆగాను.

చిట్టెమ్మ వేషం వేసింది బొంబాయి అమ్మాయి. ఆమెకి గొంతు ఇవ్వడానికి కనకరత్నం గారిని పిలిచారు. రాజమండ్రి ఆవిడ, నాటకాల్లో పెరిగిన మనిషి. డబ్బింగ్ జూబ్లీ హిల్స్‌లో ఒక థియేటర్‌లో. పాత మాటలు ఎలా పలకాలో చూడమని నన్నూ కూర్చోబెట్టారు.

పొద్దున పూట. బయట ఎండ కాస్తోంది. తెర మీద చిట్టెమ్మ దొరకి చెప్పేసే ముక్క తిరిగి తిరిగి పడుతోంది. కనకరత్నం గారు మైకు ముందు నిలబడి, పెదాల కదలిక చూసుకుని చెప్పారు: "కొండ మీద గుహలో ఉన్నారు దొరా. నన్ను మాత్రం వదిలెయ్యండి." నా చెవులారా విన్నాను. దర్శకుడూ విన్నాడు, బాగుందన్నాడు.

సౌండ్ ఇంజనీరు యాదగిరి టేపు వెనక్కి తిప్పి వినిపించాడు.

"నా నోటెంట రాలేదు దొరా. ఎవరి పేరూ నా నోటెంట రాలేదు."

గొంతు కనకరత్నం గారిదే. మాటలు అవి కావు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. దర్శకుడు నవ్వాడు, పాత టేకు ఏదైనా ఉందేమో అన్నాడు.

"లేదు సార్, కొత్త టేపు. ఇప్పుడే సీలు తీసిన," అన్నాడు యాదగిరి.

మళ్ళీ చెప్పించారు. ఆవిడ మళ్ళీ రాసినట్టే చెప్పారు. టేపులో మళ్ళీ అదే వినిపించింది. ఇంకో టేపు పెట్టారు. అదే. సీనులో ముందు మాటలు, వెనక మాటలు రాసినట్టే ఉన్నాయి. ఆ ఒక్క చోటే తేడా.

నాకు వాంగ్మూలంలోని ఆ వాక్యం గుర్తొచ్చింది. నోటి దారిన బయటికి పోలేదు. గుమస్తా ఇంగ్లీషు చెయ్యలేక తంటాలు పడ్డ మాట ఇదే అయ్యుండాలి. నేను కూడా దాన్ని ఇలా తెలుగు చేసుకోలేదు. ఆ గదిలో ఇంకెవరూ ఆ కాగితం చూడలేదు.

దర్శకుడు నా వైపు తిరిగాడు.

"ఇది నీ పనేనా? ఈవిడకి నూరిపోశావా? లేక ఈ టేపు తిప్పేవాడితో కలిశావా?"

"సార్, గట్ల అనకుండ్రి," అన్నాడు యాదగిరి. "మేడం కుర్చీల కెళ్ళి లేవలే. నా చెయ్యి మీ కండ్ల ముందే ఉన్నది. నేనెట్ల జేస్త?"

కనకరత్నం గారు మైకు వదిలి బయటికి వచ్చేశారు. చెమటలు పట్టి ఉన్నాయి. "బాబూ, ఆ మాట నేనిక చెప్పను. నాకు భయమని కాదు. చెబుతుంటే గొంతులో ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టుంది," అన్నారు.

అప్పుడు వాళ్ళు చేసింది చెప్తాను. కొబ్బరికాయ తెప్పించారు. దిష్టి తీసి గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టారు. పంతులు గారిని పిలిచి తెర ముందు హారతి ఇప్పించారు. ఆ టేపుల మీద ఇంకేదో రికార్డు చేసి చెరిపేశారు. దర్శకుడు మెడలో కొత్త తాయెత్తు కట్టుకున్నాడు. ఇంత హడావుడి చేశారు గానీ, ఆ గొంతు ఏం చెప్పిందో ఒక్కరూ పట్టించుకోలేదు. నిజమేనేమో, ఒకసారి ఆ వాంగ్మూలం తియ్యమ్మా, చదువుదాం అని ఒక్కరి నోటి నుంచీ రాలేదు. దెయ్యమంటే భయపడ్డారు. అబద్ధమంటే మాత్రం ఏ భయమూ లేదు.

నేనే మళ్ళీ అడిగాను. సార్, కనీసం పేరు మార్చండి, అన్నాను. "బయటికి పో" అన్నాడు. పోయాను.

ఆ ఒక్క మాటా మద్రాసులో వేరే ఆవిడ చేత చెప్పించారని తర్వాత తెలిసింది. అక్కడ ఏమీ జరగలేదట. సినిమా బాగానే ఆడింది. నేను వెళ్ళి చూశాను, అక్కడైనా ఏదైనా వినిపిస్తుందేమో అన్న పిచ్చి ఆశతో. ఏమీ వినిపించలేదు. గుహ గురించిన మాట రాగానే హాలంతా చిట్టెమ్మని బూతులు తిట్టింది. ముందు వరసలో ఎవరో తెర మీదకి చెప్పు విసిరారు. నేను చేతులు పిడికిళ్ళు బిగించుకుని కూర్చున్నాను.

కొన్నాళ్ళకి కనకరత్నం గారు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. వదిన టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. ఆ చిట్టెమ్మ ఎవరమ్మా అని కనకరత్నం గారు అడిగారు. నేను పెన్సిలుతో రాసుకున్న కాపీ తీసి, వాంగ్మూలం మొత్తం తెలుగులో చెప్పాను. కొట్టిన సంగతి, కట్టేసిన సంగతి, అన్నీ. ఆవిడ కళ్ళు తుడుచుకోకుండా విన్నారు.

"తర్వాత ఏమైందమ్మా ఆమె?"

"తెలీదండీ. వాంగ్మూలంతో ఆగిపోయింది. ఆ తర్వాత ఏ కాగితంలోనూ ఆమె పేరు లేదు. వెతికాను."

"ఆ రోజు టేపు పాడైందని చెప్పుకుంటున్నారట స్టూడియోలో."

"అవునండీ. నాకూ అదే చెప్పారు."

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగారు. "ఇంతమంది ఉన్నాం కదమ్మా లోకంలో. నా గొంతే ఎందుకు పట్టుకుందంటావు?"

నాకు తెలీదన్నాను. టేపు మీదికి ఆ మాట ఎలా వచ్చిందో, అది అచ్చంగా ఆమె మాటే ఎలా అయిందో ఇప్పటికీ తెలీదు. నాకు తెలిసిన చదువేదీ దానికి సరిపోలేదు. ఆ సినిమా ఇప్పటికీ పండగలకి టీవీలో వేస్తూనే ఉన్నారు.